మెట్టసీమలో నాలుగు చూపులు

శాస్త్రజ్ఞుడు, ఇంజనీరు, వాస్తుశిల్పి, నేటి వాడుకలో డిజైనరు అనబడు రూపకర్త, ఈ నలుగురును ఒకే సమస్య యెదుట నిలిచినప్పుడు ఒకే తీరున ఆలోచింతురా, లేక ఎవరి చదువు వారి కన్నులకు వేరొక సమస్యనే చూపుచున్నదా అను ప్రశ్న అర్ధశతాబ్దికి పైగా పాశ్చాత్య విద్వాంసులచే ఎడతెగక చర్చింపబడుచున్నది. చర్చ యంతయు పాశ్చాత్య దేశములలో జరిగినదే యైనను, దానికి వలసిన ఉదాహరణములు మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల నూరేండ్ల చరిత్రలో మనకు సమృద్ధిగా లభించుచున్నవి. జీవనది యొక్కటియు లేని మెట్టసీమ యిది. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఈ రాతినేలలో నీటినిగూర్చి, వ్యాధినిగూర్చి, చదువునుగూర్చి, పశువునుగూర్చి నాలుగు తెగల నిపుణులును వచ్చి తమ తమ బుద్ధిబలమును పరీక్షించుకొనిరి. ఆ పరీక్షల ఫలితములను ఒక్కచోట చేర్చి చూచినచో, గ్రంథములు చెప్పిన సిద్ధాంతములలో ఏది నిలుచునో, ఏది నిలువదో కొంతవరకు తేటపడగలదు.

ముందుగా పండితుల మాట. 1969లో హెర్బర్టు సైమన్, కృత్రిమ వస్తువుల శాస్త్రములనుగూర్చిన తన గ్రంథమున, ప్రకృతిశాస్త్రము ఉన్నదానిని ఉన్నట్లు తెలిసికొనగోరుననియు, రూపకల్పనము ఉండవలసినదానినిగూర్చి యోచించుననియు చెప్పి రెంటికిని హద్దు గీచెను. వైద్యుడు రోగికి మందు నిర్ణయించుటయు, ప్రభుత్వము ఒక పథకమును రచించుటయు గూడ ఆయన దృష్టిలో రూపకల్పనమే. నాలుగేండ్ల పిదప, 1973లో, బర్కిలీలోని హోర్స్టు రిటెల్, మెల్విన్ వెబర్ అను నిరువురు ఆచార్యులు, సంఘజీవితమున పుట్టు సమస్యలు గణితపు లెక్కలవంటివి కావనియు, అవి యెక్కడ ముగియునో తెలుపు నియమమే లేదనియు, వాని పరిష్కారములను మంచివి చెడ్డవి అనవచ్చునే గాని సత్యములు అసత్యములు అనరాదనియు, ఒకమారు వేసిన రహదారిని ఉత్త ప్రయోగమని చెప్పి చెరిపివేయుట యెవరి తరమును కాదనియు వాదించిరి. 1982లో నైజెల్ క్రాస్, రూపకర్తల జ్ఞానము శాస్త్రములకును మానవీయ విద్యలకును చెందని మూడవ తెగయనియు, బడి చదువులో దానికి ప్రత్యేకస్థాన మీయవలెననియు ప్రతిపాదించెను.

ఈ వాదములన్నింటికంటె నాకు విలువైనదిగా తోచునది బ్రయన్ లాసన్ చేసిన ప్రయోగము. 1979లో ప్రకటింపబడిన దానిలో ఆయన, వాస్తుశిల్పము చివరి సంవత్సరము చదువుచున్న విద్యార్థులను, విజ్ఞానశాస్త్రములలో పట్టభద్రులై పైచదువు చదువుచున్నవారిని వేరువేరుగా కూర్చుండబెట్టి, పక్కలకు ఎఱ్ఱరంగును నీలిరంగును పూసిన దిమ్మెలను వారి చేతికిచ్చి, మూడు గడుల వెడల్పు, నాలుగు గడుల పొడవు గల పలకపై వానిని అమర్చి, వెలుపలి అంచులందు కోరిన రంగు వీలైనంత ఎక్కువగా కనబడునట్లు చేయుడని కోరెను. ఏ దిమ్మె యున్నచో ఏ దిమ్మె యుండితీరవలెనో తెలుపు గుప్తనియమ మొకటి కలదు. దానిని వారికి చెప్పలేదు. అమరిక ముగిసిన పిదప అది నియమమునకు ఒప్పినదో లేదో మాత్రము తెలియజేసెడివారు. శాస్త్రవిద్యార్థులు రంగు సంగతి తాత్కాలికముగా ప్రక్కనబెట్టి, వీలైనన్ని భిన్నమైన కూర్పులను వెంటవెంటనే వేసి చూచి, ముందు ఆ నియమమును పట్టుకొనుటకు ప్రయత్నించిరి. వాస్తువిద్యార్థులు అట్లు గాక, మంచి రంగు చూపు అమరికను మొదటనే కట్టి, అది కాదన్నచో దాని తరువాత మేలైనదానిని కట్టి, అట్లు ఒప్పుదల దొరకువరకు పోయిరి. నియమ మేమిటో పూర్తిగా తెలియకయే వారు ఇల్లు కట్టిరన్నమాట.

ఇంతవరకే యైనచో అది పుట్టుకతో వచ్చిన స్వభావభేదమని సరిపెట్టుకొనవచ్చును. కాని లాసన్ అదే పరీక్షను బడి ముగించుచున్న పిల్లలకును, వాస్తుశిల్పమున అప్పుడే చేరిన మొదటి సంవత్సరమువారికిని పెట్టి చూచెను. వారిలో ఇట్టి స్థిరమైన పద్ధతిభేదము కానరాలేదు. కావున ఈ చూపులు జన్మసిద్ధములు కావు, చదువు నేర్పినవి. చదువు నేర్పినదానిని చదువే సవరింపగలదు గనుక, ఈ చిన్న విషయమును మన విద్యాసంస్థలవారు మిక్కిలి శ్రద్ధతో గమనింపవలెను.

ఇంజనీరు ఈ ప్రయోగమున లేడు. అతనిది శాస్త్రమును అన్వయించు పని మాత్రమేయని చాలకాలము చెప్పుచుండిరి. 1990లో వాల్టర్ విన్సెంటి విమాననిర్మాణ చరిత్రను పరిశీలించి, ఇంజనీర్ల జ్ఞానము శాస్త్రమునుండి అరువు తెచ్చుకొన్నది కాదనియు, భారమెంత, భద్రతకై వదలవలసిన అదనపు బల మెంత, ఖర్చెంత అను ప్రశ్నలనుండి స్వతంత్రముగా పుట్టినదనియు చూపెను. వీనినన్నిటిని చదివిన పిమ్మట నాకు తోచిన దేమనగా, ఈ నలుగురి భేదము వారు ప్రశ్నను మొదలుపెట్టు చోటకంటె, ఇక చాలునని ఆగు చోటనే స్పష్టముగా కనబడును. సందేహము తీరినప్పుడు శాస్త్రజ్ఞుడు ఆగును. కట్టినది భారమును మోసినప్పుడు ఇంజనీరు ఆగును. ఆ చోటున మనుష్యుడు సుఖముగా నివసింపగలడని నమ్మకము కుదిరినప్పుడు వాస్తుశిల్పి ఆగును. వాడువాని చేతికి వస్తువు అలవడినప్పుడు రూపకర్త ఆగును. వీరిలో ఏ యొక్కరు ఆగిన చోటనైనను సమస్యయే ముగిసినదని ప్రభుత్వములును ప్రజలును భ్రమించుటవలన కలుగు నష్టములే నేను చెప్పబోవు కథలలో ఎక్కువగా కానవచ్చును.

మదనపల్లెకు దాపున గల ఆరోగ్యవరము ఇందుకు మొదటి సాక్షి. 1915లో అక్కడ యూనియన్ మిషన్ క్షయచికిత్సాలయము నెలకొన్నది. క్రిస్టియన్ ఫ్రిమొట్-మొల్లర్ అను డేనిష్ వైద్యుడు దానిని పెంచి పెద్దచేసెను. క్షయకు మందన్నది లోకమునందే లేని కాలమది. రోగికి ఈయగలిగినది విశ్రాంతి, బలమైన ఆహారము, పొడిగాలి, ఎండ. ఇట్టి స్థితిలో ఊరికి దూరముగా, ఎత్తున, తేమ తక్కువగా నున్న తావును ఎన్నుకొనుటయే చికిత్సలో మొదటి భాగమైనది. అనగా వైద్యము వాస్తుశిల్పమున చేరిపోయినది. ఆ యుగమున లోకమంతటను సానటోరియములు ఈ విశ్వాసముతోనే లేచినవి. ఫిన్లండులోని పైమియో సానటోరియమును కట్టిన ఆల్వార్ ఆల్టో, నిలిచి నడచువానికొరకు కట్టు గదికిని, నెలలతరబడి పండుకొనియుండువానికొరకు కట్టు గదికిని గల తేడాను లోతుగా తలపోసి, రోగి కన్ను ఎప్పుడును కప్పుమీదనే యుండునని కప్పునకు చల్లని రంగు వేయించెను. చేతులు కడుగుకొను తొట్టిలో నీరు పడు చప్పుడు ప్రక్కవాని నిద్ర చెరుపకుండ దానిని వాలుగా రూపొందించెను. వాస్తుశిల్పి చూపు ఎట్టిదో తెలియుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నాకు కనబడదు. జబ్బేమిటని అతడు అడుగలేదు. జబ్బుపడిన మనిషి యెక్కడ, ఎట్లు పడియున్నాడని అడిగెను.

ఆరోగ్యవరమునకే శాస్త్రజ్ఞుని చూపు వేరొక ద్వారమున వచ్చినది. భారతదేశమున బీసీజీ టీకాను మొట్టమొదట ఆరంభించిన తావులలో మదనపల్లె యొకటి, అది 1948. అటుపిమ్మట యోహానెస్ ఫ్రిమొట్-మొల్లర్ 1950 మొదలు 1955 వరకు చుట్టుపట్ల పల్లెలలో జనసముదాయ మంతటిని పరిశీలించి, ఆస్పత్రికి వచ్చినవారి లెక్క గాక, రానివారిలో వ్యాధి యెంత కలదో తెలిసికొన ప్రయత్నించెను. ఆ ఫలితములు 1960లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో ప్రకటింపబడినవి. చికిత్సాలయము యెదుటికి వచ్చిన రోగిని చూచుచుండగా, శాస్త్రము కనబడని రోగిని లెక్కించుటకు బయలుదేరినది. ఈ రెండు చూపులును ఒకే ఆవరణమునుండి వెలువడుట ఆ సంస్థకు గర్వకారణము.

ఇంతలో 1956లో మద్రాసున నెలకొన్న క్షయచికిత్సా పరిశోధనకేంద్రము మరింత సాహసమైన ప్రశ్న వేసెను. పేదవాడగు రోగి ఇరుకింటిలో, చాలీచాలని తిండితో ఉన్నచోటనే యుండి సంవత్సరముపాటు మందులు మింగినచో, సానటోరియమున పడక దొరికినవానికంటె ఏమైన తక్కువగా కోలుకొనునా? 1959లో వెలువడిన సమాధానము వైద్యలోకమును నివ్వెరపరచినది. ఇద్దరును ఇంచుమించు సమానముగనే కోలుకొనిరి. ఇంటివారికి సోకు ప్రమాదమును విశేషముగా పెరుగలేదు. అర్ధశతాబ్ది వాస్తుశిల్ప విశ్వాసమును ఒక్క ప్రయోగము ప్రక్కకు త్రోసినది. సానటోరియముల కాలము ముగిసినది. ఆరోగ్యవరము క్రమముగా అన్ని వ్యాధులకును చికిత్స చేయు ఆస్పత్రిగా మారినది.

దీనినిబట్టి శాస్త్రజ్ఞుడు గెలిచెను, వాస్తుశిల్పి యోడెను అనుట తొందరపాటు. మందు లేని నాడు ఆ భవనములు చేసిన మేలు వేరొకరివలన కాలేదు. శాస్త్రజ్ఞుని సమాధానమైనను శాశ్వతము కాదు: 1968లో మొదలైన చెంగల్పట్టు మహాపరీక్ష, బీసీజీ టీకా పెద్దలకు వచ్చు ఊపిరితిత్తుల క్షయను ఆపుటలేదని తేల్చి, టీకాపై పెట్టుకొన్న ఆశలను చాలవరకు తగ్గించినది. తాను చెప్పినదానిని తానే మరల పరీక్షకు నిలుపుట శాస్త్రమునకు గల గొప్ప గుణము. ఇంజనీరుకు ఆ సౌకర్యము లేదు. కట్టిన ఆనకట్టను ఎవరును ప్రతిపాదనగా భావింపరు.

ఇక నీటి కథ. అది ఈ సీమకు ప్రాణము గనుక కొంత నిలిచి చెప్పవలసియున్నది.

పూర్వము ఇచటి ప్రభువులును రైతులును కట్టుకొన్నవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మరువ పారిన నీరు క్రింది చెరువునకు చేరును. తూము ఎప్పుడు తెరువవలెనో, ఏ మడికి ఎంత పారింపవలెనో నీటిని పంచు నీరుగంటికి తెలియును. ఈ యేర్పాటున నలుగురి చూపులును విడిపోక కలిసియుండెను. కట్ట బలము ఇంజనీరు పని. ఏ వాన ఎంతకాలము ఆగునో లెక్కించుట శాస్త్రజ్ఞుని పని. గుడి, రచ్చ, మేతబీడు కట్టచుట్టును అమరుట వాస్తువు. తూము నీరుగంటి చేతికి లొంగునట్లుండుట రూపకల్పనము. పేర్లు లేకపోయినను పని జరిగినది. చెరువులు పూడి, బోరుబావులు లోతునకు దిగి, రాతిపొరలలోని కొద్దిపాటి నీరును అడుగంటిన పిమ్మట ఈ కలయిక చెడినది.

1990ల నడుమ కుప్పమున ఇజ్రాయెల్ సేద్యపద్ధతిని ప్రదర్శనక్షేత్రమున ప్రవేశపెట్టిరి. బొట్టుబొట్టుగా వేరునకే నీరందించు డ్రిప్పు గొట్టములు, కొలిచి యిచ్చు ఎరువులు, మేలురకపు విత్తనములు. ఇంజనీరు దృష్టిలో దానియందు లోపము వెదకుట కష్టము. నీటి వృథా నిజముగా తగ్గును. డ్రిప్పు ఈనాడు ఈ ప్రాంతపు టమాటతోటలలో సామాన్యమైనదనగా ఆ పద్ధతి బలము తెలియుచున్నది. అయినను ఆ ప్రయోగమును అట్లే పల్లెలకు వ్యాపింపజేయ బూనినప్పుడు, పెట్టుబడి చిన్నరైతు శక్తికి మించినదనియు, పొలముల గట్లు చెరిపి కలుపవలసి వచ్చుచున్నదనియు, నీరు మాత్రము ఆ లోతుబావులనుండియే తోడబడుచున్నదనియు తీవ్రమైన విమర్శలు వచ్చినవి. విమర్శకులు న్యాయమే చెప్పిరని నా అభిప్రాయము. గొట్టమునందలి నీటిని లెక్కించిన బుద్ధి, భూమియందలి నీటిని, రైతు యింటి అప్పును లెక్కకు తేలేదు. ఇంజనీరు తన హద్దులో సరిగనే ఆలోచించెను. ఆ హద్దును గీచినది ఎవరని అడుగువారు లేకపోయిరి.

హంద్రీ–నీవా సుజల స్రవంతి దానికి ప్రతిగా కొలతలోనే వేరైన పని. శ్రీశైలము జలాశయపు వెనుకనీటిని మాల్యాలయొద్ద ఎత్తి, మెట్టుమెట్టుగా పంపులతో పైకి తెచ్చి, 40 టీఎంసీల నీటితో రాయలసీమ నాటి నాలుగు జిల్లాలలో ఆరు లక్షల ఎకరములకు పైగా తడుపవలెనని సంకల్పము. దాని కొనలలో పుంగనూరు ఉపకాలువ యొకటి. దానినుండి చీలిన కుప్పము ఉపకాలువ సుమారు 123 కిలోమీటర్లు. కృష్ణానీరు 2025 ఆగస్టులో కుప్పమునకు చేరినప్పుడు ప్రజలు పొందిన ఆనందమును చూచినవారెవరును ఇంజనీర్ల పట్టుదలను శ్లాఘింపక మానరు. కృష్ణను, పాలారు పరీవాహకమునకు ఎక్కించుట సామాన్యమైన పని కాదు.

కాని కాలువ చెరువులోనికి వచ్చుటతో ఇంజనీరు లెక్క ముగియును. అక్కడినుండియే మిగిలిన ముగ్గురి పని మొదలగును. చెరువు అడుగున నీరు ఇంకునా, ఎంత లోతునకు పోయి ఏ బావిని నింపును? ఇది భూగర్భశాస్త్రజ్ఞుని ప్రశ్న. ఎత్తిపోతలకు కరెంటుఖర్చు ప్రతి యేడును ఉండును గదా, అంత విలువైన నీటితో ఏ పైరు పెట్టవలెనో రైతునకు సులభముగా తెలియునట్లు ఏర్పాటు ఎట్లుండవలెను? ఇది రూపకర్త ప్రశ్న. చెరువు చుట్టును ఊరు ఎట్లు పెరుగవలెను, ఆయకట్టును ఇండ్లస్థలములు మింగకుండ ఎట్లు నిలుపవలెను? ఇది వాస్తుశిల్పి ప్రశ్న. నీరుగంటి వంశములు చాలచోట్ల ఆ పని విడిచిపెట్టినవి. నీటిని పంచు తెలివి కాలువతోపాటు శ్రీశైలమునుండి రాదు.

రూపకర్త చూపునకు ఈ సీమలో రెండు గొప్ప ఉదాహరణములు కలవు. మొదటిది కుప్పమున హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ 2002 ఫిబ్రవరిలో ప్రభుత్వముతో కలసి మూడేండ్ల కొరకు ఆరంభించిన కార్యక్రమము. సమాచారకేంద్రములు, కంప్యూటరు బండి మొదలైనవి అందు అనేకము గలవు. వానిలో నన్ను ఆకర్షించినది పల్లె ఫోటోగ్రాఫర్ల పథకము. రేషనుకార్డునకు, ధ్రువపత్రమునకు ఫోటో కావలసిన పల్లెటూరివాడు కూలి మానుకొని పట్టణమునకు పోవలసివచ్చుచుండగా, స్వయంసహాయక సంఘముల స్త్రీలకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, దానిని నడుపు సౌరఫలకము ఇచ్చి, వారే ఊరూర ఫోటోలు తీసి అమ్ముకొనునట్లు చేసిరి. ఇందు కొత్త శాస్త్ర మేమియు లేదు; పరికరములును అంగడిలో దొరకునవే. కరెంటు లేని చోట, చదువు తక్కువైన చేతులలో, ఒక నిజమైన అవసరమునకు వానిని కుదిర్చిన తీరే కొత్తది. ప్రతివాని చేతిఫోనులోను కెమెరా చేరిన పిదప అట్టి వృత్తికి తావు తగ్గినది. రూపకర్త సమాధానమునకు ఆయుస్సు స్వల్పమని అందువలన తెలియుచున్నది.

రెండవది ఆయుష్మంతమైనది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరనుండి పల్లెబడులకొరకు చేసిన కృషి యది. ఒకే గది, ఒకే పంతులు, అయిదు తరగతులు. ఇది మన ఏకోపాధ్యాయ పాఠశాలల చిరకాల దుఃస్థితి. ఇంజనీరు బుద్ధి గల అధికారి అయిదు గదులు, అయిదుగురు పంతుళ్లు కావలెనని అంచనా వేయును. అంచనా తప్పు కాదు, నిధులు రావు. ఈ దంపతులు ప్రశ్ననే మార్చిరి. పంతులు ఒక్కడే యుండగా చదువు సాగవలెనన్నచో పాఠము ఎట్టి రూపమున ఉండవలెనని యోచించి, పుస్తకమును విడదీసి చిన్నచిన్న కార్డులుగా చేసి, వానిని బొమ్మల గుర్తులతో ఒక నిచ్చెనగా అమర్చిరి. ప్రతి బిడ్డయు తానున్న మెట్టును తానే గుర్తించి, తన కార్డును తానే తీసికొని, తన వేగమున ఎక్కును. నాలుగు దినములు బడి మానినవాడు వచ్చి, విడిచిన మెట్టునుండియే మొదలుపెట్టును. కోత కాలమున, జ్వరకాలమున బడి తప్పు పల్లెపిల్లలను ఎరిగినవారికి తప్ప ఈ యూహ తట్టదు. ఊరి కథలు, తోలుబొమ్మలు, తల్లులు చెప్పు పాటలు అందులో చేరినవి. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవన్‌కోట ఉపాధ్యాయులు దీనిని చూచిపోయి ‘నలి కలి’ని రూపొందించుకొనిరి, 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలు ఇట్టి పద్ధతిని చేపట్టగా, తరువాత అది తమిళనాడు అంతట వ్యాపించినది. మదనపల్లె దాపున పుట్టిన ఈ ఊహను పొరుగు రాష్ట్రములు స్వీకరించినంత ఆదరముతో మన తెలుగునాడు స్వీకరింపకపోవుట నాకు బాధాకరము.

పుంగనూరు ఆవుమాట గూడ ఇక్కడ చెప్పవలసినదే. భుజమువద్ద మూడడుగుల లోపు ఎత్తు, కొంచెపు మేత, కొంచెపు పాలు, ఆ పాలలో సుమారు 8 శాతము వెన్న. రైతు తరతరములుగా ఎన్నిక చేసి యీ కరవుసీమకు తగినట్లు రూపొందించుకొన్న పశువది. ఎక్కువ పాలే ప్రమాణమని భావించిన నాటి పశుసంవర్ధక బుద్ధి సంకరజాతులను తెచ్చి దీనిని దాదాపు అంతరింపజేసినది. పలమనేరు పశుపరిశోధనస్థానము మిగిలినవానిని కాపాడి మందను నిలిపినది. ఇప్పుడు ముద్దుకొరకు ఇంటింట పెంచు గోవుగా దానికి దేశమంతట గిరాకి వచ్చినది. పొట్టితనమును మాత్రమే కోరి ఎన్నుకొనుచు పోయినచో, కరవును ఓర్చు గుణము మిగులునా యన్నది శాస్త్రజ్ఞులు వెంటనే తేల్చవలసిన ప్రశ్న.

ఈ నాలుగు చూపులను నాలుగు కులములుగా చేయుట నా ఉద్దేశము కాదు. మదనపల్లెకు ఎక్కువ దూరము లేని ముద్దేనహళ్ళిలో, మోక్షగుండము ఇంటిపేరు గల తెలుగు కుటుంబమున పుట్టిన విశ్వేశ్వరయ్య, వరద మట్టము పెరుగగా తమంతట తామే తెరచుకొను తలుపులను రూపొందించిన ఇంజనీరు. 1908 మూసీ వరద పిమ్మట హైదరాబాదునకు జలాశయములతోపాటు నగరపు పారుదలను, నదీతీరపు తోటలను గూడ సూచించినప్పుడు ఆయన వాస్తుశిల్పివలెను, ప్రజారోగ్య శాస్త్రజ్ఞునివలెను ఆలోచించెను. ఒకే తలలో నాలుగు చూపులు కుదురుట అరుదు. ఒకే బల్లచుట్టు నలుగురు కూర్చుండుట అంత అరుదుగా నుండనక్కరలేదు.

మదనపల్లెలోను కుప్పములోను ఇప్పుడు ఇంజనీరింగు కళాశాలలు కలవు. 1997లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము కుప్పముననే యున్నది. పలమనేరున పశుశాస్త్రజ్ఞులు, రిషివ్యాలీలో విద్యారూపకర్తలు ఉన్నారు. వీరందరు ఒకరికొకరు ఒక పగటి ప్రయాణములోనే యున్నను, ఒకరి తరగతిలో ఒకరు అడుగుపెట్టు ఏర్పాటు లేదు. కృష్ణానీరు చేరు చెరువులలో ఒక్కొక్కదానిని ఒక్కొక్క సంస్థ స్వీకరించి, భిన్నశాఖల విద్యార్థులను ఒక జట్టుగా ఒక వేసవినుండి మరు వేసవివరకు దానియొద్ద పనిచేయించి, ఆ యూరి రైతులను, మిగిలియున్న నీరుగంటులను వారికి గురువులుగా నియమించి, ఆ పనికే మార్కులు వేయవలెనని నా విన్నపము. నీరు వచ్చినది, చెరువులు ఎదురుచూచుచున్నవి. ఈ సీమకు ఇట్టి అవకాశము మునుపెన్నడును లేదు.